తాళాల వరుస: కెర్నల్‌లో ప్రతిష్టంభన

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఒక కిరాణా కొట్టు ఊహించుకోండి. త్రాసు ఒకటే, చిట్టా పుస్తకం ఒకటే. గుమాస్తాలు ఇద్దరు. బేరం ముగియాలంటే రెండూ కావాలి. ఒకరు త్రాసు పట్టుకుని పుస్తకం కోసం, రెండోవారు పుస్తకం పట్టుకుని త్రాసు కోసం ఎదురుచూస్తున్నారు. చేతిలోది ఎవరూ వదలరు. ఇదే ప్రతిష్టంభన, అంటే డెడ్‌లాక్.

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో ఉమ్మడి సమాచారానికి కాపలాగా లాకులుంటాయి. ఒక థ్రెడ్ 'క' తరువాత 'గ'ను, మరొకటి 'గ' తరువాత 'క'ను తీసుకుంటే రెండూ శాశ్వతంగా ఆగిపోవచ్చు.

కారణాలు: 1971లో కాఫ్‌మన్, సహచరులు ప్రతిష్టంభనకు నాలుగు షరతులు చెప్పారు. వస్తువు ఒకరికే చెందడం, ఒకటి పట్టుకుని మరొకదానికి వేచివుండడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, వలయంగా ఎదురుచూడడం. ఒక్కటి తప్పించినా చాలు. ఖరగ్‌పూర్ వంటి పెద్ద జంక్షన్‌లో ఇంటర్‌లాకింగ్ రెండో షరతును తప్పిస్తుంది: దారిలోని పాయింట్లన్నీ కుదిరి, లాక్ అయ్యాకే సిగ్నల్ పడుతుంది. కెర్నల్‌కు ఏయే లాకులు కావాలో ముందే తెలియదు. అందుకే అది నాలుగో షరతును తప్పిస్తుంది: అందరూ ఒకే వరుసలో తీసుకోవాలి.

పట్టుకోవడం ఎలా? ఈ తప్పు పరీక్షల్లో వేలసార్లు బయటపడదు; రెండు థ్రెడ్లు సరిగ్గా ఆ క్షణంలో తారసపడాలి. అందుకే ఇంగో మోల్నార్ రాసిన లాక్‌డెప్, 2006లో లినక్స్ 2.6.18లో చేరింది. అది లాకులను తరగతులుగా విభజించి, దేని తరువాత దేన్ని తీసుకున్నారో బాణాలతో గుర్తుంచుకుంటుంది. బాణాలు వలయమైతే, యంత్రం ఆగకపోయినా హెచ్చరిస్తుంది. అయితే నడిచిన దారులే దానికి తెలుసు. నడవని కోడ్ గురించి ఏమీ చెప్పలేదు.

సరిదిద్దడం: నివేదికలో రెండు వరుసలూ చదవండి. ఏది ముందుండాలో నిర్ణయించి, తప్పిన చోట మార్చండి. వీలుకాకపోతే మొదటి లాక్ వదిలి రెండోది తీసుకోండి. ఆ మధ్యలో సమాచారం మారిందేమో మళ్ళీ సరిచూడండి. ఒకే తరగతి లాకులు రెండు కావాలంటే, మెమరీ చిరునామా చిన్నదాన్ని ముందు తీసుకోవడం ఒక పద్ధతి. నిర్ణయించిన వరుసను కోడ్‌లో వ్యాఖ్యగా రాసి ఉంచండి.

అభ్యాసం: మొదటి థ్రెడ్ క, గ, రెండోది గ, చ, మూడోది చ, క వరుసలో తీసుకుంటాయి. ఏ జంటా తిరగబడలేదు. అయినా ప్రమాదం ఉందా? బాణాలు గీసి చూడండి.