రైలు కోసం కదిలిన ఊరు, చదువు కోసం నిలిచిన నేల

జింబాబ్వే తూర్పు సరిహద్దున ఉన్న ముతారే పట్టణం నుంచి కనుమ దాటి లోయలోకి దిగితే పాత ముతారే వస్తుంది. అమెరికాలోని మెథడిస్టు సంఘాల నుంచి బృందాలుగా వచ్చే విశ్వాసులు ఇక్కడి ఆఫ్రికా విశ్వవిద్యాలయాన్ని చూడకుండా పోరు. కారణం లేకపోలేదు. దీని నిర్వహణకు వారి సంఘాలు ఏటా వాటా పంపుతుంటాయి. పంపిన డబ్బు ఏమైందో కళ్లారా చూసుకోవాలని ఎవరికుండదు?

ఈ స్థలం కథ చిత్రమైనది. బైరా రేవు నుంచి వచ్చే రైలు మార్గం ఈ కొండలు ఎక్కలేకపోవడంతో 1896లో ఊరే రైలు దగ్గరికి మకాం మార్చింది. ఖాళీ అయిన ఇళ్లనూ, నేలనూ సిసిల్ రోడ్స్ కంపెనీ బిషప్ హార్ట్‌జెల్‌కు ఇచ్చింది. ఇచ్చింది కంపెనీయే గాని, నేల మాత్రం అంతకు ముందు నుంచీ అక్కడి మన్యికా ప్రజలది. ఈ సంగతి మరువరాదు. తర్వాత అక్కడ మిషను బడి, ఆసుపత్రి, అనాథ శరణాలయం వెలిశాయి.

పై చదువులకు విదేశాలు పోయిన యువకులు తిరిగి రావడం అరుదని ఆఫ్రికా బిషప్పులు మొరపెట్టుకోగా, 1988లో సెయింట్ లూయీలో జరిగిన మహాసభ విశ్వవిద్యాలయానికి ఆమోదం తెలిపింది. 1992 మార్చిలో 40 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. దైవశాస్త్రం, వ్యవసాయం - ఈ రెండే శాఖలు. ఆ ఏడే దక్షిణ ఆఫ్రికా ప్రాంతమంతటా ఘోరమైన కరువు. మొక్కజొన్న ఎండిపోయింది. మన సంకటి వంటి సాద్జాయే అక్కడివారి ముఖ్యాహారం. అటువంటి సంవత్సరంలో వ్యవసాయ పాఠాలు ప్రారంభం కావడం గమనార్హం.

వచ్చినవారు పొలాలు చూస్తారు, విద్యార్థులతో మాట్లాడతారు. అంగోలా, మొజాంబిక్ పిల్లలకు పోర్చుగీసు, కాంగో పిల్లలకు ఫ్రెంచి వచ్చు. ముందు ఇంగ్లీషు నేర్చుకుంటే గాని పాఠాలు ఎక్కవు. ప్రార్థనా మందిరం అమెరికావారి సొమ్ముతో కట్టింది కాదు. కొరియాలోని సియోల్ నగరపు క్వాంగ్‌లిమ్ సంఘం కట్టించినది.

అన్నిటికన్నా కష్టమైనది ఫీజు. 2008లో జింబాబ్వే డబ్బు చిత్తు కాగితమైంది. 2009 జనవరిలో నూరు లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చు వేయవలసి వచ్చింది. కన్నవారు కూడబెట్టినది కరిగిపోయిన అటువంటి రోజుల్లో దూరాన ఉన్న సంఘాల స్కాలర్‌షిప్పులు ఎంత ఆదుకుంటాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ సంఘాలకే చిక్కు వచ్చింది. 2019 - 2023 మధ్య అమెరికాలో 7,600కు పైగా సంఘాలు విభేదాలతో విడిపోయాయి. 2024 మహాసభ బడ్జెట్‌ను రమారమి 40 శాతం తగ్గించింది. అందుకే యాత్రికులు పొలం గట్టున నిలబడి ఫొటోలు దిగేటప్పుడు, పక్కనున్న విద్యార్థి వచ్చే టర్ము ఫీజు గురించి ఆలోచిస్తుంటే ఆశ్చర్యం లేదు.