పన్నెండున్నర నాపరాళ్ల నడక

తాండూరు, వికారాబాద్ వైపు చాలా ఇళ్లలో నేలంటే నాపరాయే. రెండడుగుల పలకలు పరిచిన వరండాలో పన్నెండున్నర పలకలు దాటితే 25 అడుగులు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారి నడకను ఫిజియోథెరపిస్టులు కొలిచేది సరిగ్గా ఆ దూరంలోనే. పడిపోకుండా ఎంత త్వరగా నడవగలిగితే అంత త్వరగా నడవమంటారు. రెండుసార్లు నడిపించి, పట్టిన సెకన్ల సగటు రాసుకుంటారు.

కరెంటు తీగకు తొడుగున్నట్టే మన నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని ఆ పొరను దెబ్బతీస్తుంది. ఫ్రాన్స్ వైద్యుడు షార్కో 1868లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా వివరించాడు. ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. బాధితుల్లో ఆడవాళ్లే ఎక్కువ. జబ్బును తేల్చేది న్యూరాలజిస్టు. ఎమ్మారైలో మచ్చలు కనిపిస్తాయి కానీ, రాత్రి మంచం దిగి బాత్రూముకు ఎలా వెళ్తున్నారో అందులో కనిపించదు.

అందుకే ఫిజియోథెరపిస్టు పరీక్ష మాటలతో మొదలవుతుంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదా? ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే తూలుతున్నారా? ఆ రెండో ప్రశ్నకు అవునంటే, పాదాలు దగ్గర పెట్టి, కళ్లు మూయించి నిలబెట్టి చూస్తారు. మోకాలిని, చీలమండను చేత్తో వంచి బిగుతు ఎంతో గమనిస్తారు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి పట్టే సమయం చూస్తారు. నిలకడను కొలిచే బెర్గ్ పరీక్షలో నిలబడటం, వంగడం, తిరగడం వంటి 14 పనులకు 56 మార్కులు.

ఇక ఎండ సంగతి. ఒళ్లు వేడెక్కితే చాలామందిలో కాళ్లు బరువెక్కుతాయి, చూపు మసకబారుతుంది, చల్లబడగానే తగ్గిపోతుంది. శ్రమ పడ్డాక చూపు ఇలా కాసేపు మసకబారడాన్ని 1890లోనే జర్మనీ కంటి వైద్యుడు ఊథాఫ్ రాసిపెట్టాడు. మే నెలలో తాండూరులో రైలెక్కి, వికారాబాద్ మీదుగా హైదరాబాద్ చేరి, మిట్టమధ్యాహ్నం పరీక్షకు నిలబడితే నడక మందగించవచ్చు. అంతమాత్రాన జబ్బు ముదిరిందనుకోకూడదు. సెకన్ల పక్కనే వేళ, ఎండ, నిద్ర, ప్రయాణపు అలసట కూడా రాసుకోవాల్సింది ఇందుకే. 25 అడుగుల నడకలో సుమారు 20 శాతం తేడా వస్తే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ జబ్బూ ఉంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చేది మెడికల్ బోర్డే. ఫిజియోథెరపిస్టు కాగితం మాత్రం మళ్లీ పరీక్షకు వచ్చినప్పుడు పనికొస్తుంది: అదే వేళకు, అవే చెప్పులతో, అదే నేల మీద మరోసారి నడిపించి చూడటానికి.