చమురు చిమ్మిన కడలిలో వంతులవారీ బ్యాక్టీరియా

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న బావి నుంచి 87 రోజుల పాటు చమురు, వాయువు ఎగజిమ్మాయి. నీటిపై పరుచుకున్న తెట్టును ప్రపంచమంతా చూసింది. పైకి రాని భాగం మాత్రం వెయ్యి మీటర్లకు పైగా లోతున, చల్లని చీకటి నీటిలోనే ఒక పొరలా పాకింది.

చమురు తినే బ్యాక్టీరియా అక్కడికి కొత్తగా వచ్చినవి కావు. ఆ సముద్రపు అడుగున నెర్రెల నుంచి చమురు ఎప్పుడూ కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. దాని మీద బతికే జాతులు అరుదుగానైనా ఎప్పుడూ ఉంటాయి. బావి పగలగానే వాటికి అదను దొరికింది. మొదట విజృంభించినవి ఓషనోస్పిరిల్లేల్స్ వర్గానివి. మే నెలాఖరు నమూనాల్లో ఆ పొరలోని బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఇవే. మిగతా జాతుల వాటా కుంచించుకుపోయి వైవిధ్యం పడిపోయింది.

అసలు అబ్బురం ఆ తర్వాతి క్రమంలో ఉంది. పెళ్లి భోజనాల్లో ఒక బంతి లేచాక మరో బంతి కూర్చున్నట్టు, ఒక ఆహారం తరిగేకొద్దీ దానిపై బతికే జాతి తగ్గి మరొకటి పెరిగింది. జూన్‌కల్లా కోల్వెలియా, సైక్లోక్లాస్టికస్ ముందుకొచ్చాయి. ఈథేన్, ప్రొపేన్ వాయువులు ఖర్చవడం ఈ దశలోనే ఎక్కువ. తేలిగ్గా విరగని బెంజీన్ తరహా వలయాలున్న పదార్థాలను కూడా సైక్లోక్లాస్టికస్ అరాయించుకోగలదు. జూలై 15న బావి మూతపడ్డాక మీథేన్ వంటి ఒంటి కార్బన్ పదార్థాలను వాడుకునేవి, చచ్చిన కణాల మిగుళ్లపై బతికే ఫ్లేవోబ్యాక్టీరియా కనిపించాయి.

తీరంలోనూ ఇలాంటి మార్పులే జరిగాయి. ఫ్లోరిడాలోని పెన్సకోలా ఇసుకలో చమురు తినే జాతులు ముందు పెరిగి, తర్వాత తగ్గాయి. ఏడాదికి మామూలు ఇసుక బ్యాక్టీరియా మళ్లీ నిలదొక్కుకున్నాయి. అయితే ఆ సముదాయం అచ్చంగా పాతది కాదు.

బ్యాక్టీరియాకున్న చమురు తినే శక్తికీ హద్దులున్నాయి. చమురు నిండా కార్బనే. కణాలు పెరగడానికి కావలసిన నత్రజని, భాస్వరం నీటిలో నుంచే రావాలి. అవి తరిగితే తిండి ఎదురుగా ఉన్నా పెరుగుదల మందగిస్తుంది. తారులాంటి బరువైన భాగాల జోలికి బ్యాక్టీరియా అంత సులభంగా పోవు. పైగా చమురులో కొంత అడుగున పేరుకుంది. నీటిలోని బ్యాక్టీరియా కొన్ని నెలల్లోనే మారిపోయినా, లోతు సముద్రపు పగడాలకు తగిలిన గాయాలు ఏళ్లు గడిచినా మానలేదు.