టెన్నిస్ కోర్టుకి కప్పు ఎందుకంటే...

బరువులెత్తే ఆటలో మన శ్రీకాకుళం, విజయనగరం ఆడపిల్లలకి పేరుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం తెచ్చుకుంది. మరి టెన్నిస్ అనేసరికి మన వైపు అమ్మాయి పేరు ఒక్కటీ నోటికి రాదేం?

చేతకాక కాదు. బరువులెత్తడానికి 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు వేదిక, నెత్తిన రేకులు ఉంటే చాలు. టెన్నిస్ కోర్టుకి చుట్టూ పరిగెత్తే జాగాతో కలిపి 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు కావాలి. అంటే 16.5 సెంట్లు. నాలుగైదు ఇళ్ళు లేచే స్థలం! మధ్యతరగతి తండ్రి ఎక్కడ తెస్తాడు? అందుకే ఈ ఆట చాలాకాలం క్లబ్బుల్లో, ఆఫీసర్ల మధ్యే తిరిగింది.

కోర్టు ఉన్నా మన వాతావరణం ఒకటుంది కదా. జూన్ మొదలు వానలు, అక్టోబరులో తుఫాను భయం, వేసవిలో పొద్దున్న తొమ్మిదయ్యేసరికి నేల మీద కాలు పెట్టలేం. ఆడి ఆడి ఆపేస్తే చెయ్యి కుదరదు. వానకి పేరుపడ్డ వింబుల్డన్ వాళ్ళే 2009లో సెంటర్ కోర్టుకి తెరుచుకుని మూసుకునే కప్పు వేయించుకున్నారు. మనకి అంత హంగు అక్కర్లేదు. రెండు కోర్టులు కప్పు కింద, నాలుగు ఆరుబయట ఉంటే ఏడాది పొడవునా ఆట సాగుతుంది.

అంత జాగా విశ్వవిద్యాలయాలకే ఉంటుంది. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, విజయనగరంలో జె.ఎన్.టి.యు. ఉంది. అమెరికాలో చాలాచోట్ల ఇలాంటి కోర్టుల్లో కాలేజీ జట్టు సాధన అయ్యాక ఊరివాళ్ళు ఆడుకుంటారు. చదువుల్లో ఆడపిల్లలపై వివక్ష కూడదని అక్కడ 1972లో చట్టం వచ్చాక కాలేజీల్లో వాళ్ళ జట్లు, స్కాలర్‌షిప్పులు బాగా పెరిగాయి. మన తెలుగమ్మాయి సహజ యమలపల్లి టెక్సాస్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడింది. ఆటతోపాటు డిగ్రీ కూడా వస్తుందంటే ఏ తల్లి కాదంటుంది?

కాదనేది వేరే దానికి. "ఆడతానంటాది గానీ, సీకటడిపోతే ఎవులు తీసుకొస్తారమ్మా?" అంటారు మన వైపు తల్లులు. న్యాయమైన ప్రశ్నే. పదమూడో, పద్నాలుగో ఏడు వచ్చేసరికి ఆట మానిపించేది చాలావరకు ఈ భయమే. కాబట్టి కోర్టు కట్టేవాళ్ళు నేలకి పూసే రంగుల సంగతి తరవాత చూడొచ్చు. ముందు దీపాలు, బట్టలు మార్చుకునే గది, నీళ్ళున్న మరుగుదొడ్డి, ఆట అయ్యే వేళకి గేటు దగ్గరికొచ్చే బస్సు చూడాలి. ఆడ కోచ్ ఉంటే మరీ మంచిది.

కప్పు అంటే పెళ్ళిపందిరి రేకులు కాదండోయ్! బంతి పైకి లేవాలంటే నెట్ మీద 30 అడుగుల ఎత్తుండాలి. అంత ఎత్తున గాలి ఎలా పడుతుందో 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు వాళ్ళు చూశారు. తుఫానుకి తట్టుకునేలా ఇంజనీరు లెక్క కట్టకపోతే డబ్బు ఎగిరిపోతుంది.

ఆ డబ్బు కూడేదాకా ఓ గోడ కట్టి, నేల మీంచి 3 అడుగుల ఎత్తున గీత గీస్తే చాలు, పిల్ల ఒక్కతే బంతి కొట్టుకుంటుంది. సానియా మీర్జా కూడా హైదరాబాదులో పేడ అలికిన కోర్టు మీదే మొదలుపెట్టానని చెప్పుకుంది.

రేపు కోర్టులు వస్తే పొద్దున్న 6 నుంచి 8 దాకా ఊరి ఆడవాళ్ళకి వదలాలి. చీరలో వచ్చినా, చుడీదార్‌లో వచ్చినా గేటు దగ్గర ఆపకూడదు. కాళ్ళకి మాత్రం బూట్లుండాలి. చెప్పులతో పరిగెడితే మడమ బెణుకుతుంది.