మందు ‘పడకపోవడం’ వెనుక: అపోహలు – వాస్తవాలు

కోరాపుట్–రాయగడ రైలు మార్గంలోని కకిరిగుమ్మ వైపు పల్లెలకు మలేరియా మాత్రలు, కుష్ఠు మందులు కొత్త కావు. అవి ఎందరినో బతికించాయి. కొద్దిమందిలో మాత్రం ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే మందు మీద తిరగబడి చర్మాన్ని దెబ్బతీస్తుంది. అలాంటప్పుడు అపోహను నమ్మితే ప్రాణం మీదికి రావచ్చు.

అపోహ: మందు వేడి చేసింది, మజ్జిగ తాగితే చాలు.

వాస్తవం: అది వేడి కాదు. మందును శత్రువుగా పొరబడిన టి-కణాలు అనే రక్షణ కణాలు చర్మంలోకి చేరి దద్దుర్లు తెస్తాయి. సల్ఫా మందులు, మూర్ఛ మందుల వల్ల అరుదుగా వచ్చే స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్‌లో అవి గ్రాన్యులైసిన్ అనే ప్రొటీన్‌ను వదిలి చర్మకణాలను చంపుతాయి. ఒళ్లంతా పొక్కులు లేచి తోలు ఊడుతుంది.

అపోహ: ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడు పడకుండా పోదు.

వాస్తవం: నిమిషాల్లో, గంటల్లో లేచే దురద దద్దుర్లకు ఎక్కువగా ఐజీఈ యాంటీబాడీలు కారణం. టి-కణాలు సిద్ధమవడానికి మాత్రం రోజులు, వారాలు పడుతుంది; అందుకే కొన్నాళ్లు పడిన మందు కూడా తర్వాత పడకపోవచ్చు. కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్ పడనివారిలో జ్వరం, దద్దుర్లు, కాలేయం వాపు తరచు నాలుగు నుంచి ఆరు వారాలకు బయటపడతాయి. హెచ్‌ఎల్‌ఏ-బి*13:01 అనే జన్యురకం ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువని 2013లో చైనా పరిశోధకులు తేల్చారు.

అపోహ: కుష్ఠు మందుతో ఒళ్లు నల్లబడితే ఎలర్జీయే.

వాస్తవం: అది కుష్ఠు మందుల్లో ఒకటైన క్లోఫాజిమిన్ రంగు. కోర్సు ముగిశాక నెలల మీద మెల్లగా తగ్గుతుంది. భయపడి మందు మానేస్తే వ్యాధి నరాలను దెబ్బతీస్తుంది.

అపోహ: పడని మందును సగం మాత్రగా వేసుకోవచ్చు.

వాస్తవం: ఒళ్లు మళ్లీ తిరగబడటానికి కొద్ది మోతాదు కూడా చాలు. కొందరికి ఒకే మందు వేసుకున్న ప్రతిసారీ ఒకే చోట నల్లమచ్చ లేస్తుంది. జ్ఞాపక టి-కణాలు ఆ చర్మంలోనే ఉండిపోవడమే కారణం.

దద్దుర్లతో పాటు జ్వరం, నోటిలో పుండ్లు, కళ్ల ఎరుపు, చర్మం మంట, పొక్కులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. మందుల చీటీ, మాత్రల అట్ట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. కోరాపుట్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పడని మందు పేరు రాయించుకుని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపండి. మందుల దుష్ప్రభావాలను 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలపవచ్చు. మీరిచ్చే ఆ సమాచారం మరొకరిని కాపాడుతుంది.