ముందుగా దిగేది జాలరే

విశాఖ బీచ్ రోడ్డులో ఆర్‌కే బీచ్ దాటి కైలాసగిరి వైపు వెళ్తుంటే దారిలో పెదజాలరిపేట తగులుతుంది. ఇసుకలోకి లాగిన ఫైబర్ బోట్లు, కుప్పపోసిన వలలు, బుట్టలతో చేపలమ్మే ఆడవాళ్లు. నగరానికి ఈ పేటతో పని మామూలుగా చేపల వరకే. శివరాత్రికో కార్తీకమాసంలోనో సముద్ర స్నానాలకు జనం పోటెత్తినప్పుడు మాత్రం ఇక్కడి యువకుల కళ్లు ఎన్ని ప్రాణాలకు కాపలా కాస్తాయో చూడాలి. విశాఖ తీరంలో లైఫ్‌గార్డులుగా పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే.

ఆర్‌కే బీచ్ చూడ్డానికి ఎంత అందమో దిగేవాళ్లకు అంత ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీరంతా ఒక ఇరుకు దారి చేసుకుని వేగంగా లోపలికి మళ్లుతుంది. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. కొత్తవాళ్లు అక్కడే ప్రశాంతంగా ఉందనుకుని దిగుతారు. కొట్టుకుపోతున్నప్పుడు తిన్నగా ఒడ్డుకు ఈదాలని చూస్తే ఒంట్లో శక్తంతా అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పించుకున్నాక వెనక్కి రావాలి. జాలరి కుర్రాడు నీటి రంగు, నురగ పోకడ చూసి ఆ దారిని దూరం నుంచే పోలుస్తాడు. చిన్నప్పటి నుంచి తండ్రి వెంట నీళ్లలో తిరిగితే వచ్చిన విద్య అది.

ఈ విద్యకు ప్రభుత్వ ఉద్యోగ పరీక్షల్లో మార్కులు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ కావాలంటే ఇంటర్ పాసవ్వాలి, నిర్ణీత ఎత్తు ఉండాలి, 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్ ఉంటాయి. ఈత ఉండదు. పొడవైన తీరమున్న రాష్ట్రంలో ఇది నాకు మింగుడుపడని విషయం. వేట కోసం బడి మధ్యలో మానేసిన పిల్లవాడు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. అత్యవసర సేవల్లో అన్ని వర్గాలకూ చోటుండాలన్న మాట విని అదేదో దయాధర్మమనుకునేవాళ్లు కచ్చులూరును ఒకసారి గుర్తుచేసుకోవాలి.

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్లిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్నది 77 మంది, బతికి బయటపడ్డది 26 మంది. వాళ్లను పట్టి ఒడ్డుకు చేర్చింది ఎవరు? చుట్టుపక్కల గిరిజనులు, తమ పడవలేసుకుని ఉరికొచ్చి. యూనిఫాం దళాలు వచ్చేసరికి బతికించగలిగిన ప్రాణాలను వాళ్లు బతికించేశారు. తర్వాత ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చింది, నౌకాదళం గజ ఈతగాళ్లు వచ్చారు. అందరూ కష్టపడ్డారు. కానీ నది లోతు, సుడులు, బురద ముందు బోటు పైకి రాలేదు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో నీటి అడుగున వెతికి, వరద తగ్గేదాకా ఓపికపట్టి, విశాఖ నుంచి వచ్చిన డైవర్ల సాయం తీసుకుని అక్టోబరు 22న బోటును ఒడ్డుకు లాగింది. ఆప్తుల చివరిచూపు కోసం నెలకు పైగా ఏటిగట్టున పడిగాపులు కాసిన కుటుంబాలకు ఆ రోజు ఎంత పెద్దదో మాటల్లో చెప్పలేను.

నీళ్లతో పెరిగినవాళ్లే ముందుగా ఆదుకుంటారన్న సంగతిని కేరళ అంతకుముందే గ్రహించింది. 2017 ఓఖీ తుపాను తర్వాత మత్స్యకార యువతను పోలీసు శాఖలోకి తీర వార్డెన్లుగా తీసుకుని, నెలల తరబడి శిక్షణ ఇచ్చింది. మొదటి విడతలో 177 మంది, అందులో ఐదుగురు మహిళలు. ఈలోగా 2018 వరదల్లో అక్కడి మత్స్యకారులు పిలవకముందే పడవలను లారీలకెక్కించుకుని వెళ్లి వేలమందిని కాపాడారు. మన దగ్గర 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా తీర జిల్లాల నుంచి పడవలు, ఈతగాళ్లు రావాల్సి వచ్చింది. ఆపద గడిచాక శాలువా కప్పి పంపేయడం సరిపోదు. నెల జీతం, బీమా, లైఫ్‌జాకెట్, పదోన్నతి ఉండాలి.

నిప్పు విషయంలోనూ అంతే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి 40 దాకా మరపడవలు కాలిపోయాయి. వేటకు సిద్ధంగా ఉన్న బోట్లలో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు. ఏ బోటులో ఎంత డీజిలుందో, ఏ తాడు కోస్తే పక్క బోట్లు విడిపోతాయో సరంగులకూ కళాసీలకూ తెలుస్తుంది. అలాంటివాళ్లతో హార్బరులో శిక్షణ పొందిన అగ్నిమాపక జట్టు ఉండాలని నా అభిప్రాయం. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం సామాన్య జనానికి విపత్తుల్లో తొలి సాయం అందించే శిక్షణ ఇవ్వడానికే పుట్టింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 2004 సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో మగవాళ్లకంటే ఆడవాళ్లే చాలా ఎక్కువమంది చనిపోయారు. ఈత రాదు, చంకలో బిడ్డ, కాళ్లకు అడ్డం పడే చీర. జాలరి ఇళ్లలో మగపిల్లలకు ఈత అడక్కుండానే వస్తుంది, ఆడపిల్లలకు ఆ వీలు తక్కువ. తుపాను హెచ్చరిక వచ్చాక ఏ ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉందో, ఏ ముసలమ్మ గుమ్మం కదలనంటుందో ఆ వీధి ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. పునరావాస కేంద్రానికి రమ్మని బతిమాలేది వాళ్లయితే తలుపు తెరుచుకుంటుంది. అయినా రక్షణ దళాల తలుపులు మాత్రం ఆడవాళ్లకు ఆలస్యంగానే తెరుచుకున్నాయి. దేశంలో తొలి మహిళా ఫైర్ ఇంజనీరుగా పేరొందిన హర్షిణీ కన్హేకర్ నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాలలో చేరింది 2002లో. న్యూయార్క్ అగ్నిమాపక శాఖలోకి మహిళలు కోర్టుకెక్కి అడుగుపెట్టింది 1982లో.

దూరాన ఉన్న మనం చేయగలిగిందీ ఉంది. ఈ సంచిక చదివే మనలో చాలామంది అమెరికాలో చిన్న పట్టణాల్లో ఉంటున్నాం. అక్కడి అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా వాలంటీర్లే. బ్రిటన్‌లో 1824 నుంచి సముద్రంలో ప్రాణాలు కాపాడుతున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ లైఫ్‌బోట్ల మీద వెళ్లేదీ ఎక్కువగా వాలంటీర్లే. మన పిల్లలు ఆ జట్లలో చేరితే, అర్ధరాత్రి తలుపు తట్టిన మనిషి అమ్మమ్మతో తెలుగులో మాట్లాడగలుగుతాడు. ఇండియా నుంచి వచ్చిన పెద్దలకు 911కి ఫోన్ చేసి "తెలుగు" అన్న ఒక్క మాట, ఇంటి చిరునామా చెప్పడం నేర్పండి. చాలా కేంద్రాల్లో ఫోన్ మీదే దుబాసీని కలుపుతారు. జాలరిపేటకు ఏమైనా చేయాలనుకునే సంఘాలు అక్కడి ఆడపిల్లలకు ఈత, ప్రథమ చికిత్స నేర్పే శిబిరంతో మొదలుపెట్టవచ్చు. నేర్పడానికి గురువులు ఆ పేటలోనే ఉన్నారు, వాళ్లకు జీతం మనం ఇస్తే చాలు.