దొంగ కాపీతో వచ్చే చిక్కు

మీ పొదుపు సంఘం కొట్టు పెట్టింది అనుకోండి. కొట్లో కంప్యూటరు ఉంది. సరుకు లెక్కలు, అప్పులు, వడ్డీలు అన్నీ అందులోనే. కంప్యూటరుకు పని చెప్పే ఆజ్ఞలు కావాలి. వాటినే సాఫ్ట్‌వేర్ అంటారు. డబ్బు కట్టి దాన్ని వాడుకునే అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతే లైసెన్సు.

"డబ్బు దండగెందుకమ్మా? నేను ఊరికే ఎక్కించి పెడతాను" అనే కుర్రాడు ఎక్కడైనా ఉంటాడు. అది దొంగ కాపీ. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. మరి చిక్కెక్కడ?

దడికి కంత పడితే పూడుస్తాం కదా! సాఫ్ట్‌వేర్‌లోనూ కంతలు బయటపడతాయి. కంపెనీ ఎప్పటికప్పుడు మరమ్మతు పంపుతుంది. దొంగ కాపీకి చాలాసార్లు అది అందదు. పట్టుబడతామని కొందరు దాన్ని రానివ్వరు కూడా.

2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ వచ్చింది. సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసింది. 300 డాలర్లు కడితే తెరుస్తానంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఆ కంతకు మరమ్మతు రెండు నెలల ముందే, మార్చిలో వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. అసలుది కొని మరమ్మతు వేసుకోనివాళ్లు కూడా దెబ్బతిన్నారు. అదీ నిజమే.

సంఘం లెక్కలు అలా పోతే? ఎవరు ఎంత కట్టారో ఎవరు చెబుతారు?

చట్టం కూడా ఉంది. తెలిసి దొంగ కాపీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా.

కొనే స్తోమత లేదా? లెక్కల పట్టీలకు లిబ్రేఆఫీస్ ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా, దర్జాగా వాడుకోవచ్చు. కొనేదైతే, బిల్లులో సాఫ్ట్‌వేర్ పేరు రాయించుకోండి.